సమస్యాపూరణం: బంతి పోఁగొట్టు వాఁడెపో భాగ్యశాలి

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతి పాదం.

బంతి పోఁగొట్టు వాఁడెపో భాగ్యశాలి

మన గల్లీ క్రికెట్‌లో బంతిని పక్కింట్లోకి కొట్టినవాడు ఔట్. పైగా ఆ ఇంటావిడ తిట్లు తిని దాన్ని తెచ్చే పూచీ కూడా వాడిదే. మరి వాడు భాగ్యశాలి ఎలా అవుతాడు? దత్తాంశం: అమెరికాలో 1927 బేస్‌బాల్ సీజన్. న్యూయార్క్ యాంకీస్ 110 ఆటలు గెలిచి, 44 ఓడిన ఏడు అది. పాదాన్ని మార్చకూడదు.

గోదారిగట్టు:

అరువదవమారు బేబురూతాడినపుడు
దాటి కంచెను కుడివైపు దవ్వు కెగసె;
తానె నెలకొల్పు లెక్కను తానె చెరిపె;
బంతి పోఁగొట్టు వాఁడెపో భాగ్యశాలి.

పోఁగొట్టు అంటే పారేసుకోవడం కాదండీ, పోయేటట్లు కొట్టడం. 1921లో తాను కొట్టిన 59 హోమ్ రన్ల (బంతిని కంచె దాటించిన దెబ్బల) రికార్డును యాంకీస్ ఆటగాడు బేబ్ రూత్ సెప్టెంబర్ 30న 60తో తానే దాటాడు. ఆ ఏడు అమెరికన్ లీగ్‌లో మిగతా ఏడు జట్లలో ఏ జట్టూ మొత్తం కలిపి కూడా అన్ని కొట్టలేదు.

నిర్వాహకుడు: పదం విరుపు భలే కుదిరింది. మొదటి పాదంలో యతి అ–(రూత్)ఆ, స్వరయతి, సరే. ‘దవ్వు’ దగ్గర మాత్రం పేచీ. యాంకీ స్టేడియంలో కుడి మూల కంచె 300 అడుగులలోపే. ఎడమచేతి వాటం రూత్‌కు అది అచ్చొచ్చిన మూల. ఆ బంతి కూడా ఫౌల్ గీతకు (ఆట హద్దుకు) కాస్త ఇవతలగా అక్కడే పడింది. అది దవ్వేమిటి? ‘కుడివైపు దరిని బడెను’ అనండి, యతీ చెడదు.

గోదారిగట్టు: సవరించాను. అయినా 60వది దగ్గర్లో పడిందని చెప్పుకోవడానికి మనసొప్పడం లేదు.

వేపచెట్టు:

నలువదేడింట గెరిగుండ నతని మించి
తొమ్మిదవనెల పదియేడు తోడ రూతు
దూసుకొని పోయె; నిరువురు దొడ్డవారె;
బంతి పోఁగొట్టు వాఁడెపో భాగ్యశాలి.

నిర్వాహకుడు: గణాలు, యతులు సరిపోయాయి. కానీ ఇద్దరూ దొడ్డవారే అని చెప్పి వెంటనే ‘వాఁడెపో’ అంటే ఆ ఒక్కడు ఎవడు? అన్వయం తెగింది. రెండో పాదం పద్యంలా లేదు, లెక్కల పుస్తకంలా ఉంది.

వేపచెట్టు: రూత్ జట్టులోనే ఆడిన లూ గెరిగ్‌కు అన్యాయం చేయకూడదని అలా రాశాను. సెప్టెంబర్ మొదట్లో ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. ఆ ఒక్క నెలలో రూత్ 17 కొట్టాడు, గెరిగ్ 47 దగ్గర ఆగిపోయాడు. అయితే ఆ ఏడు లీగ్ ఉత్తమ ఆటగాడి బహుమతి గెరిగ్‌కే వచ్చింది. రూత్ 1923లోనే తీసుకున్నాడు, ఒకసారి వచ్చినవారికి మళ్ళీ ఇవ్వకూడదని నియమం.

గోదారిగట్టు: ఆ నియమం మీద రాయాల్సింది కదా! భాగ్యశాలి ఎవరో అక్కడే తేలేది.

న్యూజెర్సీ మామయ్య:

మిల్జసు విసిరె; చేజారి మీరె బంతి;
కూంబ్సు పరుగెత్తి వచ్చెను గూటిలోకి;
ఆట ముగిసెను యాంకీల కప్పు దక్కె;
బంతి పోఁగొట్టు వాఁడెపో భాగ్యశాలి.

సీజన్ చివర విజేతను తేల్చే వరల్డ్ సిరీస్‌లో నాలుగో ఆట. 3-3, తొమ్మిదో ఇన్నింగ్స్, బేస్‌లన్నీ నిండి ఉన్నాయి. పిట్స్‌బర్గ్ పిచర్ (బంతి విసిరేవాడు) మిల్జస్ గెరిగ్‌నూ మ్యూజల్‌నూ వరసగా ఔట్ చేసి, ఆ టెన్షన్‌లో లజ్జేరికి వేసిన బంతి క్యాచర్‌కు అందకుండా పోయింది. మూడో బేస్ మీదున్న యాంకీస్ ఆటగాడు కూంబ్స్ ఇంటికి, అంటే హోమ్ బేస్‌కు, చేరడంతో గెలుపు పరుగు వచ్చింది. సిరీస్ 4-0.

నిర్వాహకుడు: మామయ్యగారూ, మూడో పాదంలో ‘ఆ’కు ‘క’తో యతి లేదు. యాంకీలకు + అప్పు అని విడదీస్తే స్వరయతి కుదురుతుంది గానీ, గెలిచిన జట్టుకు అప్పు దక్కిందంటారా! ‘యాంకీల కందె గెలుపు’ అనండి. ఇక బంతి పోగొట్టింది మిల్జస్. అతడు భాగ్యశాలి ఎలాగయ్యాడు?

న్యూజెర్సీ మామయ్య: చివర ప్రశ్నార్థకం పెడతాను. భాగ్యశాలి?

నిర్వాహకుడు: పాత ఉపాయమే. ఈసారికి ఒప్పుకున్నాను.

సైకిల్‌పంతులు: నాకు కొట్టినవాడి కంటే విసిరినవాడి మీదే జాలి. ఆ 60వ బంతి వేసింది వాషింగ్టన్ పిచర్ టామ్ జాకరీ. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 2-2గా ఉన్న ఆట ఆ దెబ్బతో 4-2 అయ్యింది.

జాకరీ బంతి విసరంగ సాగి యెగసె
నింగి కాతని పేరును నేటి వరకు
చెప్పుచుందు రా రూతుతో చేర్చి జనులు;
బంతి పోఁగొట్టు వాఁడెపో భాగ్యశాలి.

నిర్వాహకుడు: ‘రూతుతోఁ జేర్చి’ అని సరళాదేశం చేయండి. చె–జే యతి చెల్లుతుంది. ‘ఎగసె నింగికి’ అని పాదం దాటి వెళ్ళి అక్కడే ఆతని పేరును అందుకోవడం నాకు నచ్చింది. ఈ వారం నా ఓటు దీనికే.

వేపచెట్టు: ఓడిపోయి పేరు మిగలడం కూడా భాగ్యమేనా పంతులుగారూ?

సైకిల్‌పంతులు: ఇంకా ఉంది, వినండి. మరుసటి ఏడు జాకరీ ఆ యాంకీస్‌లోకే వచ్చాడు. 1929లో వాళ్ళ తరఫున 12 గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. దాని మీద ఇంకో తేటగీతి మొదలుపెట్టాను. ‘పన్నెండు’ తేటగీతి మొదట్లో ఇమడక రెండు పాదాల దగ్గరే ఆగింది.

గోదారిగట్టు: ‘ఆరు రెండింతలు’ అని మొదలుపెట్టండి.