అటక మీది తుపాకి మొదట ఎవరిది?

జమ్మలమడుగు మనవడు:
అన్నలారా, పాత మిద్దె పడగొడుతుంటే అటక మీద గోనెసంచిలో చుట్టిన తుపాకి దొరికింది. నాలుగున్నర అడుగుల పొడుగు. ట్రిగ్గర్ పైన ఇనుప పలక మీద వెనకపక్క కిరీటం, వి.ఆర్. అని, ముందుపక్క 1863, టవర్ అని ఉంది. భుజానికి ఆనే ఇత్తడి మీద అరిగిన అక్షరాలు, 212 అంకె. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దండులోవాళ్లు మా ఇంట్లో దాచిపోయినారని మా జేజి చెప్తాది. అమ్మే ఉద్దేశం లేదు. దీన్ని మొదట పట్టిన మనిషి పేరు తెలిస్తే చాలు. ఆ 212తో దొరుకుతుందా?

కర్నూలు పాతకాగితాలు:
తమ్ముడూ, వి.ఆర్. అంటే విక్టోరియా రాణి. 1863 ఆ పలక చేసిన ఏడు. నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసింది 1847 ఫిబ్రవరిలో. జేజికి మెల్లగా చెప్పు.
212 మనిషి నంబరు కాదు. తుపాకి సర్కారుది, సిపాయిది కాదు. ఒకడు పింఛనుకు పోతే అదే తుపాకి ఇంకొకడి చేతికి. ఆ అక్షరాలే పటాలం పేరు చెప్పాల. పటాలం తెలిస్తే చెన్నై ఎగ్మోరు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు వెతకొచ్చు. మీ ట్రంకుపెట్టెలూ చూడు. 1878 ఆయుధాల చట్టం నాటి లైసెన్సు కాగితం దొరికితే మీ ఇంటికి ఎవరు తెచ్చిందీ తేలుతుంది. చింతపండుతో మాత్రం తోమొద్దు, ఉన్న అక్షరాలు కూడా పోతాయి.

మాజీ హవల్దారు, అనంతపురం:
పేరు తర్వాత, ముందు ఖాళీదో కాదో చూడు నాయనా. అది మూతినుంచి మందు కూరే రకం. మూతికి ఎదురుగా నిలబడకుండా, సన్నపుల్ల అడుగు తగిలేదాకా దించి, మూతి దగ్గర గుర్తుపెట్టి, బయట గొట్టం పక్కన ఆనించు. గొట్టం మొదలు దాకా రాకుండా ముందే ఆగితే లోపల మందూ గుండూ ఉన్నట్టే. పొడిగా ఉంటే ఆ మందు ఎన్నేండ్లయినా పేలుతుంది. నువ్వు తీయొద్దు. 1959 ఆయుధాల చట్టం 45(సి) సెక్షన్ కింద పాత తుపాకికి మినహాయింపు ఉంది కానీ, బాగుచేసినా పేలనిదైతేనే. స్టేషన్‌లో చెప్పు.

జమ్మలమడుగు మనవడు:
పుల్ల మూడువేళ్ల ముందే ఆగింది సార్. చేతులు వణికినాయి. గదికి తాళమేసి స్టేషన్‌కు ఫోన్ చేసినా, పొద్దున వస్తామన్నారు. 1863 సంగతి చెప్తే జేజి చానాసేపు మాట్లాడలేదు. "అయితే మందు కూరి దాచినోడు ఎవడురా?" అనింది. పుల్ల పెట్టకముందు పొడిగుడ్డతో తుడిస్తే కొయ్యలో కత్తిమొనతో గీసిన తెలుగు ‘రా’ కనపడింది. పక్క అక్షరం సగం చెరిగిపోయింది. ఇత్తడి ఫోటో, దీని ఫోటో రెండూ పెడుతున్నా. ఆ రెండో అక్షరం మీకేమనిపిస్తాదో చూడండి.