చర్చ: కూడబెట్టిన మైల్స్ విలువను విమాన సంస్థ చెప్పకుండా తగ్గించడం న్యాయమేనా?

కిటికీసీటు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా ఒకే విమాన సంస్థలో మైల్స్, అంటే ప్రయాణం చేసినప్పుడల్లా సంస్థ ఇచ్చే, తర్వాత టికెట్లకు వాడుకునే పాయింట్లు, కూడబెడుతున్నాను. ఆఫీసు పని మీద వెళ్లినా, సొంత పని మీద వెళ్లినా అదే సంస్థ. వేరే విమానంలో టికెట్ కాస్త చవగ్గా దొరికిన రోజుల్లో కూడా మైల్స్ కోసం దీన్నే పట్టుకుని ఉన్నాను. అమ్మానాన్నలను ఒక్కసారైనా బిజినెస్ క్లాస్‌లో పంపాలని నా కోరిక. నాన్నకు మోకాళ్ల నొప్పులు, పది గంటలు కాళ్లు ముడుచుకుని కూర్చోవడం ఆయన వల్ల కాదు. ఒకవైపు ప్రయాణానికి మనిషికి 60,000 మైల్స్ ఉండేవి. పోయిన నెలాఖరుకు నా ఖాతాలో 1,22,000 అయ్యాయి.

తేదీలు ఖాయం చేసుకుని మొన్న రాత్రి బుక్ చేద్దామని కూర్చున్నాను. అదే విమానం, అదే క్లాస్, మనిషికి 82,000 చూపించింది. తప్పు తేదీ నొక్కానేమోనని వెనక్కి వెళ్లి చూశాను. ముందు వారం, తర్వాతి వారం, ఆ పై నెల, ఎక్కడ చూసినా 82,000. మెయిల్ వెతికాను. ఆ వారంలో సంస్థ నుంచి మూడు మెయిళ్లు వచ్చాయి. రెండు మైల్స్ కొంటే బోనస్ ఇస్తామని, ఒకటి హోటల్ ఆఫర్. రేటు మారిందన్న ముక్క ఒక్కదాంట్లోనూ లేదు.

రేట్లు ఎప్పటికీ మారకూడదని నేను అనడం లేదు. కానీ ఆ రేటు చూపించి నాలుగేళ్లు నన్ను తమ దగ్గర ఉంచుకుని, తీరా అందుకునే రోజుకు చెప్పకుండా పెంచేస్తే అది మాట తప్పడం కాదా? కనీసం మూడు నెలల ముందు చెప్పాలన్నది నా వాదన. మీరేమంటారు?

పద్దుపుస్తకం

మీ బాధ అర్థమైందండీ. కానీ "నా మైల్స్" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. దాదాపు ఏ సంస్థ నిబంధనలు తీసుకున్నా మైల్స్ సభ్యుడి ఆస్తి కాదని, ఎప్పుడైనా మార్చే హక్కు, ఆపే హక్కు తమకే ఉన్నాయని రాసి ఉంటుంది. చేరేటప్పుడు మనమంతా ఒప్పుకున్నాం అని నొక్కిన నిబంధనలే అవి.

చట్టం కూడా ఎక్కువగా సంస్థల వైపే ఉంది. తన సభ్యత్వాన్ని సంస్థ అన్యాయంగా రద్దు చేసిందని ఒకాయన వేసిన కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నార్త్‌వెస్ట్ సంస్థ మీద కేసు అది. విమాన ఛార్జీలు, మార్గాలు, సేవల మీద రాష్ట్రాల చట్టాలు వర్తించవనే 1978 నాటి విమానరంగ సడలింపు చట్టం ఉండగా, "సద్భావంతో వ్యవహరించలేదు" అన్న వాదన చెల్లదని 2014లో జడ్జీలు ఏకగ్రీవంగా తేల్చారు.

ఇంకో సంగతి. అమెరికాలో పెద్ద సంస్థలు చాలావరకు, ఏ ప్రయాణానికి ఎన్ని మైల్స్ అని చెప్పే రేట్ల పట్టికనే ఎత్తేశాయి. డెల్టా 2015లో, యునైటెడ్ 2019లో తీసేశాయి. ఆ తర్వాత మైల్స్ రేటు నగదు టికెట్ ధరలా డిమాండును బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటోంది. నగదు ధర రోజుకోలా మారితే ఒప్పుకుంటున్నాం కదా, మైల్స్ రేటు మారితే మోసం అనడం ఎలా కుదురుతుంది? మైల్స్ వడ్డీ రాని డిపాజిట్ లాంటివి, ఉంచేకొద్దీ తరుగుతాయి. చేతికి రాగానే వాడేయాలి. నాలుగేళ్లు దాచడమే అసలు పొరపాటు.

రాత్రివిమానం

పద్దుపుస్తకం గారూ, తీర్పు గురించి చెప్పారు కాబట్టి దాని ముందుదీ చెప్పాలి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1988లో నిబంధనలు మార్చి, అప్పటికే సభ్యులు కూడబెట్టిన మైల్స్‌కు కూడా సీట్ల పరిమితులు, వాడకూడని తేదీలు పెట్టింది. సభ్యులు కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు 1995లో ఏమందంటే, రాష్ట్రాల వినియోగదారుల చట్టాల కింద దావా నడవదు, కానీ సంస్థ తానే ఇచ్చిన మాటను, అంటే ఒప్పందాన్ని తప్పిందన్న దావా నడుస్తుంది అని. అంటే కిటికీసీటు గారు "మాట తప్పడం" అన్నది ఉత్త ఆవేశం కాదు.

ఇక మైల్స్ మన ఆస్తి కావు అన్న మాట. 2020లో విమానాలు నేల మీద నిలబడిపోయినప్పుడు సంస్థలు ఏం తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకున్నాయో చూడండి. యునైటెడ్ తన మైలేజ్‌ప్లస్ పథకాన్ని హామీగా చూపించి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. డెల్టా స్కైమైల్స్ మీద 900 కోట్లు. మరుసటి ఏడాది అమెరికన్ తన అడ్వాంటేజ్ పథకం మీద 1,000 కోట్లు. దాని మీద అన్ని వేల కోట్లు ఎలా పుట్టాయి? బ్యాంకులు క్రెడిట్ కార్డుల వాళ్లకు ఇవ్వడానికి ఈ మైల్స్‌నే టోకున డబ్బు పెట్టి కొంటాయి. ఆ రాబడి ఏటా ఆగకుండా వస్తుంది. మనం కార్డు గీకుతాం, బ్యాంకు కొంటుంది, సంస్థ ఖాతాలో అసలు డబ్బు పడుతుంది.

అప్పిచ్చేవాడి ముందు ఇది విలువైన ఆస్తి, నాన్నగారి సీటు అడిగిన మనిషి ముందు మాత్రం మేం దయతో ఇచ్చే కానుక. ఈ రెండు మాటలూ ఒకే నోటితో అనడాన్ని నేను ఒప్పుకోను. డబ్బు తీసుకుని అమ్మిన వస్తువు ఇది. అమ్మాక దాని కొలత మార్చేటప్పుడు కొన్నవాడికి ముందుగా చెప్పడం కనీస ధర్మం.

కొత్తరెక్కలు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. కిటికీసీటు గారికి 42,000 తక్కువ పడ్డాయి కదా. మైల్స్ కొంటే బోనస్ అని మెయిల్ వచ్చిందన్నారు. అవి కొనేస్తే సరిపోదా? నాకూ ఇలాంటివి వారానికొకటి వస్తున్నాయి. నూరు శాతం బోనస్ అని చూడగానే కొనాలనిపిస్తుంది.

చక్రాలపెట్టె

ఆగండి, ముందు కాగితం మీద లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే.

ఆ సీటు నగదుకైతే 1,500 డాలర్లు అనుకోండి. మైల్స్‌తో తీసుకున్నా పన్నులు, ఇంధన సర్‌చార్జి కట్టాలి, అవి 270 అనుకోండి. అంటే మైల్స్ వల్ల మిగిలేది 1,230 డాలర్లు. దాన్ని 60,000తో భాగిస్తే మైలుకు 2.05 సెంట్లు. 82,000తో భాగిస్తే ఒకటిన్నర సెంటు. ఒక్క రాత్రిలో కిటికీసీటు గారి మైల్స్ విలువలో నాలుగో వంతుకు పైగా పోయింది.

ఇప్పుడు అమ్మకం వైపు చూడండి. మైలు మామూలుగా 3.5 సెంట్లకు అమ్ముతున్నారనుకోండి. 21,000 కొంటే 735 డాలర్లు, నూరు శాతం బోనస్ కలిపి 42,000 వస్తాయి. మైలు 1.75 సెంట్లు పడింది. ఒకటిన్నర సెంటు విలువ చేసేదానికి 1.75 ఇస్తున్నాం. బోనస్ శాతం ఎంత పెద్దదైనా చివరికి చూడాల్సింది ఈ ఒక్క అంకెనే. అందుకే ఉత్తినే దాచుకోవడానికి మైల్స్ ఎప్పుడూ కొనవద్దు. ఎదురుగా సీటు కనబడుతూ, రెండు మూడు వేలు తక్కువైతే అప్పుడు వేరు.

బ్యాంకు కార్డు పాయింట్లను విమాన సంస్థకు మార్చుకుంటే ఇచ్చే బోనస్ కొంత మేలు. కానీ ఒకసారి మార్చాక అవి వెనక్కి రావు. సీటు ఖాళీ ఉందని చూసుకున్నాకే మార్చాలి. ఆ సీటు మార్చేలోపు పోవచ్చు కూడా, కొన్ని చోట్ల మార్పిడికి ఒకటి రెండు రోజులు పడుతుంది. నిజంగా పనికొచ్చే ఆఫర్లంటే నాకు నచ్చేవి రేటు తగ్గించేవి. ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎంల ఫ్లయింగ్ బ్లూలో నెలనెలా కొన్ని మార్గాలకు తక్కువ మైల్స్‌కే సీట్లు ఇస్తారు. తేదీలు మన చేతిలో ఉన్నవాళ్లకు అది అసలైన లాభం.

కిటికీసీటు గారూ, కొనే ముందు ఒక్క పని చేయండి. మీ మైల్స్‌తో అదే కూటమిలోని భాగస్వామి సంస్థల విమానాల్లోనూ సీట్లు తీసుకోవచ్చు. సంస్థలు తమ విమానాల రేటు ముందు పెంచి, భాగస్వాముల రేటును కొన్నాళ్లు పాతగానే వదిలేయడం నేను చాలాసార్లు చూశాను. ఒక స్టాప్ ఉన్నా ఫర్వాలేదనుకుంటే వెతకండి. వెబ్‌సైటులో కనబడకపోతే ఫోన్ చేసి అడగండి.

పద్దుపుస్తకం

రాత్రివిమానం గారి తాకట్టు వాదన బలమైనదే, కాదనను. కానీ మైల్స్ ఇన్నేసి పుట్టుకొచ్చాక సీట్లు మాత్రం పెరగలేదు కదా. 1981 మే 1న అమెరికన్ ఈ పథకం మొదలుపెట్టినప్పుడు విమానంలో తిరిగితేనే మైల్స్. ఇవాళ ఇంటి సరుకులు కొన్నా వస్తున్నాయి. సీట్లు అవే ఉండి మైల్స్ పెరిగితే రేటు పెరగక ఏమవుతుంది?

మైల్స్ సంగతి అలా ఉంచి, తరచూ ఎక్కేవారికి అదనపు మర్యాదలు ఇచ్చే సభ్యత్వ స్థాయికి (స్టేటస్‌కు) ఖర్చును బట్టి పాయింట్లు ఇవ్వడం కూడా నాకు సబబుగానే తోస్తుంది. చవక టికెట్ మీద దూరం తిరిగినవారికీ, నాలుగు రెట్లు కట్టి దగ్గరకు వెళ్లినవారికీ ఒకే మర్యాద ఎందుకు? బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2025 ఏప్రిల్ నుంచి ఖర్చు చేసిన ప్రతి పౌండుకూ ఒక పాయింటు, గోల్డ్ స్థాయి కావాలంటే 20,000 పాయింట్లు అని పెట్టింది. కనీసం లెక్క అందరికీ అర్థమవుతుంది.

రాత్రివిమానం

లెక్క అర్థమవుతుంది సరే, ఎవరికి అందుతుంది? ఆఫీసు డబ్బుతో తిరిగేవారికి. సొంత డబ్బుతో ఏడాదంతా వెనక వరుసల్లో తిరిగినవారు ఆ సంస్థను కష్టకాలంలోనూ వదలనివారు, వారినే ఇప్పుడు గుమ్మం బయట నిలబెట్టారు. మనం ఊరుకోనవసరం లేదనడానికి డెల్టానే సాక్ష్యం. 2023 సెప్టెంబరులో స్టేటస్‌కు ఖర్చు ఒక్కటే కొలమానం అంటూ, లాంజ్‌లోకి వెళ్లడాన్ని కూడా బాగా కట్టడి చేస్తూ మార్పులు ప్రకటించారు. సభ్యులు గట్టిగా గొడవ చేశారు. హద్దు మీరామని సంస్థ అధిపతే ఒప్పుకున్నారు, మరుసటి నెలలోనే కొంత వెనక్కి తగ్గారు. మార్పును ముందుగా చెప్పారు కాబట్టే ఆ గొడవకు సమయం దొరికింది. కిటికీసీటు గారు అడిగే మూడు నెలల విలువ అదే. రాత్రికి రాత్రి మార్చేస్తే అడిగే వీలు కూడా ఉండదు.

2024 సెప్టెంబరులో అమెరికా రవాణా శాఖ అమెరికన్, డెల్టా, సౌత్‌వెస్ట్, యునైటెడ్‌లను మైల్స్ విలువ తగ్గించడం గురించి, దాచిన ధరల గురించి వివరాలు ఇమ్మని అడిగింది. మనం ఇక్కడ అడుగుతున్న ప్రశ్న ప్రభుత్వమూ అడిగిందంటే అది కోరరాని కోరిక కాదు.

పద్దుపుస్తకం

ముందస్తు నోటీసు వరకు మీతో ఏకీభవిస్తాను. సీట్లు పరిమితం అన్న నా వాదనకూ, చెప్పి పెంచమనడానికీ పేచీ లేదు. కానీ నోటీసు ఇచ్చిన మర్నాడే అందరూ ఎగబడి సీట్లన్నీ ఖాళీ చేస్తారు, అందుకే సంస్థలు చెప్పవు. దానికి ఎవరి దగ్గరైనా జవాబుందా?

చక్రాలపెట్టె

మైల్స్‌కు ఇచ్చే సీట్లు ఎన్నో సంస్థే నిర్ణయిస్తుంది కదండీ. ఎగబడినా వాళ్లు తెరిచినన్నే పోతాయి. చెప్పకపోవడానికి అది సాకు కాదు.

కిటికీసీటు

అందరికీ ధన్యవాదాలు. చక్రాలపెట్టె గారు చెప్పినట్టు భాగస్వామి విమానాలు వెతికాను. వెబ్‌సైటులో ఏమీ రాలేదు. ఫోన్‌లో నలభై నిమిషాలు ఉన్నాక ఒక అమ్మాయి ఓపిగ్గా తేదీ తేదీకీ చూసి, మేం అనుకున్నదానికి రెండు రోజుల తర్వాత రెండు సీట్లు పట్టింది. మనిషికి 58,000. మధ్యలో ఒక స్టాప్, నాలుగు గంటలు ఆగాలి. 1,16,000 వాడేశాను, ఇంకో 6,000 మిగిలాయి. అమ్మకు చెబితే ముందు నమ్మలేదు.

అయినా నా ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం లేదు. పాత రేటు స్క్రీన్‌షాట్, ఆ వారం వచ్చిన మూడు మెయిళ్లు జతచేసి సంస్థకు రాశాను. జవాబు వస్తే ఇక్కడే పెడతాను. మిగిలిన 6,000 కూడా వాడేశాక ఇక ఒకే సంస్థను పట్టుకుని ఉండను, ఏది చవకైతే అది.

చక్రాలపెట్టె

చాలా సంతోషం. నాన్నగారికి వీల్‌చెయిర్ ఇప్పుడే అడిగి పెట్టండి. రెండు సంస్థల టికెట్ కాబట్టి బుక్ చేసిన సంస్థకు చెబితే సరిపోతుందనుకోవద్దు, నడిపే సంస్థకు కూడా విడిగా ఫోన్ చేయండి. వాళ్ల బుకింగ్ నంబరు వేరే ఉంటుంది, అది అడిగి రాసుకోండి. దానితోనే సీట్లు ఎంచుకోవచ్చు. నాన్నగారికి నడవ పక్క సీటు తీసుకోండి.