బీటా 0.8కి తేవాలంటే దేనిలో ఎంత పెట్టాలి?

భీమవరం_చెరువు: రొయ్యల పట్టుబడి డబ్బు, పాత షేర్లు కలిపి 12 లక్షలుందండి. అందులో 3 లక్షలు రొయ్యల మేత కంపెనీ షేరు, దాని బీటా (మార్కెట్టు 1 శాతం కదిలితే అది సుమారు ఎంత శాతం కదులుతుందో చెప్పే అంకె) 1.3. మొత్తం 12 లక్షల బీటా 0.8 కావాలంటే మిగతా 9 లక్షలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌కీ ఎఫ్‌డీకీ ఎలా పంచాలి?

తణుకు_మాస్టారు: శాతాల కంటే లక్షల్లో చేస్తే తేలికండి. కావాల్సింది 12 × 0.8 = 9.6. మేత షేరు 3 × 1.3 = 3.9 ఇస్తుంది. ఇంకా 5.7 కావాలి. ఇండెక్స్ ఫండ్ మార్కెట్టుతో సమానంగా కదులుతుంది, దాని బీటా 1 కాబట్టి అందులో 5.7 లక్షలు పెట్టండి. మిగిలిన 3.3 లక్షలు ఎఫ్‌డీ, దాని బీటా సున్నా.

పాలకొల్లు_కొట్టు: బీటాలకు మామూలు సగటు మాత్రం తీయకండి. నాకు 1.4 బీటా షేరులో 8 లక్షలు, 0.6 దానిలో 2 లక్షలు ఉండేవి. సగటు 1 అనుకుని ధీమాగా ఉన్నాను. 2020 మార్చి 23న నిఫ్టీ ఒక్కరోజే దాదాపు 13 శాతం పడింది. నా నష్టం చూసి కంగారుపడి మళ్లీ లెక్కేస్తే నిజంగా ఉన్నది 1.24! చెరో 5 లక్షలు ఉంటేనే 1 అయ్యేది.

అమలాపురం_కొబ్బరి: ఏడాది రోజువారీ ధరలతో తీస్తే ఒక బీటా, ఐదేళ్ల నెలవారీ ధరలతో తీస్తే ఇంకొకటి వస్తుంది. అన్నిటికీ ఒకే పద్ధతి వాడండి. ధరలు మారితే వాటాలూ మారతాయి. నేను సార్వా మాసూళ్లయ్యాక ఒకసారి, దాళ్వా అయ్యాక ఒకసారి సరిచూసుకుంటాను.

నరసాపురం_ఆక్వా: భీమవరం గారూ, నాకు భయం మీ మేత షేరు గురించేనండి. బీటా చెప్పేది మార్కెట్టుతో పాటు వచ్చే ఊపు మాత్రమే. 2025 ఆగస్టు 27న అమెరికా మన చాలా సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆ రోజుల్లో నా చెరువు దగ్గర రేటూ పడింది, నా దగ్గరున్న రొయ్యల కంపెనీ షేరూ పడింది. రెండు దెబ్బలూ ఒకే ఇంటికి. బీటా ఎంత తక్కువున్నా ఇది ఆగదు. ఇంకోటి, వచ్చే పంటకు సీడ్, మేత, కరెంటు బిల్లు డబ్బు ఈ 12 లక్షల్లో కలపలేదు కదా?

భీమవరం_చెరువు: లేదండి, అది విడిగానే ఉంచాను. మీరు చెప్పింది నిజం, ఈ కోణం నాకు తట్టలేదు. మేత షేరు అమ్మేస్తాను. అప్పుడు ఫండ్‌లో 9.6, ఎఫ్‌డీలో 2.4 అవుతుంది కదా మాస్టారూ?

తణుకు_మాస్టారు: అంతేనండి. అమ్మే ముందు పన్ను ఎంత పడుతుందో చూసుకోండి, కొని ఏడాది దాటితే రేటు తక్కువ.