ఏడో నెల నడుస్తోంది, కాన్పులో చనిపోతానన్న భయం వదలడం లేదు

ప్రశ్న:
నాది తొలిచూలు. పరీక్షలన్నీ సవ్యంగానే ఉన్నాయని డాక్టరుగారు చెబుతున్నా, రాత్రి పడుకోగానే కాన్పులో ప్రాణం పోతుందన్న ఆలోచన వచ్చి గుండె దడతో లేచి కూర్చుంటున్నాను. నా చిన్నతనంలో మా పిన్ని పురిట్లోనే పోయింది. సీమంతానికి వచ్చిన పెద్దవాళ్లు “కాన్పంటే ఆడదానికి పునర్జన్మ” అన్నప్పటి నుంచి ఆ మాటే చెవిలో మోగుతోంది. ఇంట్లో చెప్పబోతే అశుభం పలకవద్దంటున్నారు. ఈ భయం ఎందుకు వస్తుంది?

జవాబు 1 (ప్రసూతి వార్డు నర్సును):
అమ్మా, ఈ భయం మీ ఒక్కరిదే కాదు. కాన్పు గురించిన తీవ్రమైన భయాన్ని వైద్యులు టోకోఫోబియా అంటారు. ఇంట్లో జరిగిన మరణం, గతంలో గర్భం పోవడం, అంతకుముందే ఉన్న ఆందోళన, తోడు లేకపోవడం దీన్ని పెంచుతాయి. 2018–20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. 2014–16లో ఇవే 81, 74గా ఉండేవి. అయితే అంకెలు విన్నంత మాత్రాన మీకు నిద్ర పట్టదని నాకు తెలుసు. అందుకే ఒక్కటి అడుగుతున్నాను: మీ పిన్నిగారు ఏ కారణంతో పోయారో మీకు తెలుసా? అధిక రక్తస్రావం, బీపీ, ఇన్ఫెక్షన్ వంటి కారణాల్లో చాలావాటిని నేడు సకాలంలో గుర్తిస్తే అదుపు చేయగలుగుతున్నాం.

జవాబు 2:
నాకు మొదటి గర్భం నిలవలేదు. రెండోసారి తొమ్మిది నెలలూ ఇదే భయంతో గడిపాను. ఓర్చుకోవడమే మంచిదనుకుని ఎవరికీ చెప్పకపోవడం నేను చేసిన పొరపాటు. చివరికి డాక్టరుగారి ముందు ఏడ్చేశాక, ఆవిడ నన్ను మానసిక వైద్యుల దగ్గరికి పంపారు, కాన్పు గదిని కూడా ముందుగానే చూపించారు. వారాల తరబడి నిద్ర లేకపోతే ఆగవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
నిన్న ధైర్యం చేసి అమ్మను అడిగాను. పిన్నికి ఇంట్లోనే కాన్పయిందట. రక్తం ఆగక, తెల్లవారేదాకా బండి దొరక్క, పట్నం చేరేలోపే పోయిందట. ఇన్నేళ్లలో అమ్మ ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. చెబుతూ చాలాసేపు ఏడ్చింది. నా కాన్పప్పుడు పక్కనే ఉంటానంటోంది. లోపలికి రానిస్తారో లేదో రేపు ఆస్పత్రిలో అడుగుతాను.