దమ్ముకు ఫుల్ వీల్సా, హాఫ్ వీల్సా? ట్రాక్టర్ తిరగబడేది దేనివల్ల?

గేర్‌బాక్స్:
దమ్ము (నాట్లకు ముందు నీళ్లు పెట్టి పొలాన్ని బురదగా దున్నడం) సీజన్ మొదలైతే చాలు, ట్రాక్టర్ వెనక్కి తిరగబడి డ్రైవర్ బురదలో నలిగిపోయాడన్న వార్త ఏదో ఒక మండలం నుంచి వస్తూనే ఉంటుంది. తప్పంతా చనిపోయినవాడి మీదికి తోసేసి ఊరుకుంటున్నాం. నా మటుకు నాకు అసలు దోషి ఫుల్ కేజ్ వీల్, అంటే వెనక టైరు విప్పి దాని బదులు బిగించే ఇనుప పట్టెల చక్రం. కాదన్నవాళ్లు కారణం చెప్పండి.

రబ్బరు టైరుకు పట్టు దొరక్కపోతే ఉన్నచోటే జారుతూ తిరుగుతుంది. ఆ జారుడే బండికి ఫ్యూజు. ఇంజను ఎంత లాగినా ఇరుసు మీద భారం ఒక హద్దు దాటదు. టైరు విప్పి ఇనుప చక్రం బిగించామా, ఆ ఫ్యూజు పీకేసినట్టే. పట్టెలు అడుగున ఉన్న గట్టి నేలలో దిగి పట్టేస్తాయి. అప్పుడు క్లచ్ వదిలితే ఇంజను బలం ఎక్కడికి పోవాలి? చక్రం కదలదు కాబట్టి ట్రాక్టరే ఇరుసు చుట్టూ పైకి లేస్తుంది. లో ఫస్ట్ గేరులో ఇరుసుకు చేరే బలం ఎక్కువ, అందుకే దిగబడ్డ బండిని ఆ గేరులో ముందుకు లాగించడం అన్నిటికంటే ప్రమాదం. ముందు చక్రాలు లేచాక ముప్పావు సెకను దాటితే క్లచ్ తొక్కినా ఆగదు. ఒకటిన్నర సెకనులో బండి తలకిందులు. అంత వేగంగా ఎవరి కాలూ ఆడదు.

పంటకాలువ:
గేర్‌బాక్స్ గారూ, లెక్క బాగానే ఉందండీ, దోషిని మాత్రం తప్పు పట్టుకున్నారు. హాఫ్ వీల్‌కి పట్టెలు లేవా? టైరు విప్పకుండా దాని పక్కన బిగించే ఇనుప చక్రమే అయినా, ఆ పట్టెలు కూడా దిగితే పట్టేసేవే.

డెల్టాలో కాలువ చివరి చేలు చూడండి. మోకాలి లోతు బురద. అక్కడ టైరు గాడుల్లో బంకమట్టి పూడిపోయి నున్నటి గుండులా తిరుగుతుంది. బండి పొట్ట మట్టికి ఆనిందంటే ఇక కదలదు. ఫుల్ వీల్‌లో మట్టి పట్టెల సందుల్లోంచి జారిపోతుంది కాబట్టి బండి తేలిగ్గా పోతుంది. దిగబడటం తగ్గితే, పైకి లేచే సందర్భమూ తగ్గినట్టే కదా.

హాఫ్ వీల్‌తో ఇంకో నష్టం. భారం టైరుకి అవతల వేలాడుతుంది. ఇరుసు బేరింగు మీద ఒత్తిడి పడి ఆయిల్ సీలు లీకవుతుంది, బురదనీళ్లు లోపలికి దిగుతాయి. పొద్దున్నే బండి స్టార్ట్ చేయకముందు ఇరుసు అడుగున ఆయిల్ తీసే డ్రెయిన్ బోల్టు కొంచెం వదులు చేసి చూడండి. నూనె కంటే నీళ్లు బరువు కాబట్టి ముందు నీళ్లే కారతాయి. బండి తిరిగాక చూస్తే మాత్రం రెండూ కలిసిపోయి ఆయిల్ పాలలా తెల్లగా కనిపిస్తుంది. అలా కనిపించిన రోజే ఆయిల్ మార్చకపోతే ఇరుసు లోపలి పళ్ల చక్రాలు క్రౌన్, పీనియన్ పోతాయి.

రేగడి:
అన్నా, మీరిద్దరు చక్రం కాడనే ఆగిన్రు. మా దిక్కు బోర్ల కింద మడులు చిన్నయి, పది గుంటలు, ఇరవై గుంటలు. ఎన్నో ఒరాలు, అంటె పొలం గట్లు, దాటాలె. ముందు చక్రాలు ఒరం ఎక్కంగనె వెనుక చక్రాలు ఒరం పక్క మెత్తటి గుంతల కూసుంటయి. ముక్కు అప్పటికే ఆకాశం దిక్కు ఉన్నది. అప్పుడు యాక్సిలరేటర్ ఇస్తె సగం తిరగబడ్డట్టే. ఒరాన్ని పారతోటి కోసి బాట చేయాలె, లేకుంటె రివర్సుల దాటాలె. ఫుల్ వీల్ ఉన్నా, హాఫ్ వీల్ ఉన్నా ఇదే పద్ధతి.

ఇగ దుంగ ముచ్చట. దిగబడంగనె చక్రానికి దుంగ కడ్తరు, దాని మీదికెల్లి బండి లేస్తదని. దుంగ బురదల ఇరికిందంటె చక్రం తాళం ఏసినట్టు ఆగుతది, బండి పైకి లేస్తది. దీన్ని ఊరూరికి చెప్పి బంద్ చేయించాలె.

గేర్‌బాక్స్:
దుంగ సంగతి నూటికి నూరుపాళ్లు నిజం, ఒరం సంగతీ ఒప్పుకుంటాను. కానీ పంటకాలువ గారూ, హాఫ్ వీల్‌కి పట్టు సమానం అనడం సరికాదు. హాఫ్ వీల్ వ్యాసం టైరు కంటే తక్కువుండేలా చేయించుకుంటే కింద గట్టి నేలకు ముందు తగిలేది టైరే, పట్టెలు కాదు. జారే గుణం కొంతైనా మిగులుతుంది. తారు రోడ్డు కూడా చెడదు. ఫుల్ వీల్ విప్పాలంటే జాకీ కావాలి, ఇద్దరు మనుషులు కావాలి. అందుకే విప్పకుండా రోడ్డెక్కిస్తారు, ఊళ్లో జరిమానా కడతారు.

అసలు రోల్ బార్ (బండి తిరగబడినా డ్రైవర్ నలగకుండా సీటు దగ్గర పైకి నిలిపే ఇనుప చట్రం) గురించి ఎవరూ ఎందుకు మాట్లాడరు? స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు తప్పనిసరి చేసింది, తిరగబడి చనిపోవడం అక్కడ దాదాపు ఆగిపోయింది.

పంటకాలువ:
రోల్ బార్ ఉండాల్సిందే, బెల్టుతో సహా. కాకపోతే గట్టి నేల మీద బార్ ఆనుకుని బండి ఆగుతుంది, మోకాలి లోతు బురదలో ఆ బారూ దిగిపోతుంది. అందుకే అసలు లేవకుండా చూసుకోవడం ముందు. ముక్కుకి వెయిట్లు వేయాలి. దమ్ముకి దిగేముందు వెనక టైర్లలో పోసిన నీళ్లు తీసేయాలి, ఆ బరువు బండిని ఇంకా లోతుకి దింపుతుంది.

రేగడి:
మరి ఎనుక తగిలించి మట్టిని తిప్పే రోటవేటర్ సంగతేంది? దిగబడ్డంక లేపాల్నా, దించాల్నా? దించి ఉంటె వెనక్కి పడకుండ ఆపుతదని కొందరంటరు.

పంటకాలువ:
ముందుకి వెళ్లాలంటే వాళ్లన్నది కొంత నిజమే. ఆరడుగుల రోటవేటర్ ఎత్తి పట్టుకుంటే ఆ బరువంతా ముక్కుని పైకి లేపుతుంది. కానీ దిగబడ్డాక ముందుకి పోనే కూడదు. క్లచ్ తొక్కి యాక్సిలరేటర్ పూర్తిగా తగ్గించండి, రోటవేటర్‌ని తిప్పే పీటీఓ ఆపండి, బండి ఆపి దిగండి. చక్రాల వెనక మట్టి పారతో తీసి వాలుగా బాట చేయండి. తర్వాత రోటవేటర్ ఎత్తి రివర్స్, క్లచ్ మెల్లగా. రివర్స్‌లో ఇంజను బలం ముక్కుని కిందికి తొక్కుతుంది, అందుకే అది క్షేమం. అయినా కదలకపోతే ఇంకో బండి పిలవడమే. లాగే బండికి తాడు వెనక కింద ఉండే లాగుడు కడ్డీ, డ్రాబారుకే కట్టాలి. పైన పనిముట్టు తగిలించే టాప్ లింకుకి కడితే ఆ రెండో బండి తిరగబడుతుంది. తాడు బిగిశాక దగ్గర ఎవరూ నిలబడకూడదు, తెగితే కొరడాలా కొడుతుంది.

గేర్‌బాక్స్:
ఇవన్నీ అరగంట పని. డ్రైవర్‌కు ఇచ్చేది గంట లెక్కనో ఎకరం లెక్కనో. మట్టి తీసే అరగంటకు డబ్బు ఎవరిస్తారు? అక్కడే అసలు తొందర పుడుతుంది.

రేగడి:
ఆ అరగంట పొలం ఆసామి ఖాతాల రాయాలె, ముందే మాట అనుకోవాలె. ఇంకొకటి, ఒరం మీద ఒక మనిషి నిలబడాలె, రాత్రి పూటయితె తప్పకుండ. డ్రైవర్ మెడ తిప్పి ఎనుక రోటవేటర్‌నే చూస్తుంటడు. ముందు చక్రం బురద ఇడిసి బెత్తెడు లేసింది కనపడేది ఒరం మీద మనిషికే. గా మనిషి కూలి ఎవరియ్యాలె? నేనైతె బండి ఓనరే ఇయ్యాలంట. మీరేమంటరు?