లాసన్స్ బే గేటుకి ఏడాది తిరక్కుండానే తుప్పు

ప్రశ్న:
విశాఖ కంచరపాలెంలో నాది చిన్న షెడ్డు. ఇనుముని కొలిమిలో కాల్చి, దాగలి మీద తీగలు, ఆకులుగా సాగగొట్టి గేట్లు చేస్తాను. నిరుడు సముద్రం పక్కనున్న లాసన్స్ బే కాలనీలో ఒక మేడకి నెమలి గేటు బిగించాను. అడుగున రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక పూత, పైన నల్ల ఎనామెల్ రెండు పూతలు. వానాకాలం దాటిందో లేదో, ఈకల మడతల్లోంచి ఎర్రటి చారలు గోడ మీదికి కారుతున్నాయి. ఓనరమ్మ రోజూ ఫోటో పంపుతోంది. ఫోన్ మోగితే టెన్షన్. మళ్లీ పెయింట్ వేస్తే ఆగుతుందా?

జవాబు:
ఆగదు తమ్ముడూ. గాజువాకలో ఇరవై ఏళ్లుగా ఇదే పని నాది. కొలిమిలో కాలినప్పుడు ఇనుము మీద కట్టే నల్లపొలుసు గీకావా? దాని మీద రంగు నిలవదు. ఈకల్ని చుక్క వెల్డింగ్‌తో, అంటే అక్కడక్కడ మాత్రమే అతికి వదిలేసి ఉంటావు, ఆ సందులోనే ఉప్పునీరు ఆగేది. మంచినీళ్లతో కడిగి, ఆరాక ఇనుము మెరిసేదాకా రుద్ది, సందులు పూర్తిగా వెల్డ్ చెయ్యి. తర్వాత తుప్పు ఆపే అడుగుపూత, జింక్ ఎపాక్సీ ప్రైమర్. ఎపాక్సీ ఒక్కటే అయితే ఎండకి సుద్దలా రాలుతుంది, పైన ఎండకి ఆగే పాలీయూరిథేన్ పెయింట్ తప్పదు.

జవాబు:
కొత్త గేట్లకి గాల్వనైజింగ్ చేయించండి. సుమారు 450 డిగ్రీల వేడిలో కరిగిన జింకులో ముంచుతారు. బోలు పైపులకి ముందే రంధ్రాలు పెట్టాలి, లోపల తడి చిక్కితే ఆవిరై పేలుతుంది. పల్చటి రేకు ఆకులు వంకరపోవచ్చు కూడా.

ప్రశ్న అడిగినాయన:
చుక్క వెల్డింగే అన్నా, దొరికిపోయాను. ఆదివారం గేటు దింపుతున్నా. ఆటో ఖర్చు నాదే.