హెచ్4 మీద అకౌంటింగ్ చదవాలి, తోడుగా స్పానిష్ తీసుకోనా?

ప్రశ్న, శాన్‌హోసే, కాలిఫోర్నియా నుంచి

అందరికీ నమస్కారం. హనుమకొండలో బి.కామ్ అయ్యాక ఒక సీఏ గారి ఆఫీసులో ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు చూసేదాన్ని. పెళ్ళయి ఈమధ్యే, హెచ్1బీ ఉద్యోగి అయిన మావారికి డిపెండెంట్‌గా హెచ్4 వీసా మీద వచ్చాను. ఇంట్లో ఊరికే కూర్చుంటే తోచడం లేదు. కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ళ ప్రభుత్వ కాలేజీ) అకౌంటింగ్ చేద్దామనుకుంటే ఫీజు చూసి గుండె గుభేలుమంది. అక్కడే విదేశీ భాషలు, సంస్కృతుల విభాగం కూడా ఉంది. స్పానిష్ వస్తే ఉద్యోగం తొందరగా దొరుకుతుందని పక్కింటావిడ అంటున్నారు. సీపీఏ (మన సీఏ లాంటి అమెరికా లైసెన్సు) దాకా వెళ్ళాలని నా కోరిక. ఇప్పుడే చేరిపోనా?

ఫ్రీమాంట్ నుంచి

ఆగు చెల్లీ. నువ్వు చూసింది నాన్‌రెసిడెంట్ ఫీజు. క్లాసు ఎంత పెద్దదో కొలిచేది యూనిట్. కాలిఫోర్నియా వాసులకు సెమిస్టర్ యూనిట్‌కు 46 డాలర్లే. బయటివాళ్ళకు చాలా కాలేజీల్లో 300 దాటుతుంది. ఐదు యూనిట్ల క్లాసుకు తేడా ఎంతో నువ్వే లెక్కేసుకో. ఎఫ్1 విద్యార్థి వీసా వాళ్ళకు లేని వీలు, అంటే ఇక్కడి వాసుల ఫీజుకే చదివే వీలు, హెచ్4 వాళ్ళకు ఉంది. టర్మ్ మొదలయ్యేనాటికి ఇక్కడికొచ్చి ఏడాది మీద ఒక రోజు అయి ఉండాలి, ఇక్కడే స్థిరపడే ఉద్దేశం ఉన్నట్టు కాగితాలు చూపించాలి.

ఆ కాగితాల దగ్గరే మన ఆడవాళ్ళకు చిక్కు. లీజు ఆయన పేరు మీద, కరెంటు బిల్లు ఆయన పేరు మీద, బ్యాంకు ఖాతా కూడా ఆయనదే. ఈ నెలలోనే లీజులో నీ పేరు చేర్పించు. డీఎంవీలో (మన ఆర్టీఓ ఆఫీసు లాంటిది) లైసెన్సో ఐడీ కార్డో తీసుకో. ఖాతాను జాయింట్ చేయించు. ఈలోపు అడల్ట్ స్కూళ్ళలో ఇంగ్లీషు క్లాసులు ఉచితంగా ఉంటాయి, వాటికి వెళ్ళు. హెచ్4 మీద చదువుకోవడానికి ఐ-20 (విద్యార్థి వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) అక్కర్లేదు, ఎవరో చెప్పారని వీసా మార్చుకోకు.

ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి

నా మాట కాస్త చేదుగా ఉంటుందమ్మా. కాలేజీ సంగతి తర్వాత, ముందు సీపీఏ ఏ రాష్ట్రం బోర్డు (లైసెన్సు ఇచ్చే సంస్థ) నుంచి చేస్తారో తేల్చుకోండి. పరీక్ష దేశమంతా ఒకటే. ఆడిటింగ్, ఫైనాన్షియల్ రిపోర్టింగ్, ట్యాక్స్ అండ్ రెగ్యులేషన్ తప్పనిసరి, 2024 నుంచి నాలుగో పేపరు మాత్రం మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. అర్హత దగ్గరే ఒక్కో బోర్డుది ఒక్కో దారి. మా టెక్సాస్ బోర్డు మొదటి మెట్టు అకౌంటింగ్ క్లాసులను లెక్కలోకే తీసుకోదు. రేపు మీవారి ఉద్యోగం ఇటు మారితే అక్కడ చదివిన క్లాసుల్లో కొన్ని ఇక్కడ పనికిరావు.

మన మూడేళ్ళ బి.కామ్‌ను విదేశీ డిగ్రీ ఇక్కడ దేనికి సమానమో తేల్చే కొన్ని మదింపు సంస్థలు పూర్తి డిగ్రీగా ఒప్పుకోవు. అందుకే మీ బోర్డు గుర్తించిన సంస్థతోనే మదింపు చేయించండి. యూనివర్సిటీ నుంచి సీల్డ్ కవర్లో ట్రాన్‌స్క్రిప్ట్ రావడానికే నెలలు పట్టొచ్చు, ఊళ్ళో ఉన్న ఇంట్లోవాళ్ళను ఇప్పుడే యూనివర్సిటీకి పంపించండి. ఇంకో మాట. మొన్నటిదాకా లైసెన్సుకు 150 యూనిట్లు అనేవాళ్ళు. ఇప్పుడు చాలా రాష్ట్రాలు డిగ్రీకి తోడు రెండేళ్ళ అనుభవంతో ఇంకో దారి తెరుస్తున్నాయి. మామూలు డిగ్రీ పోగా మిగిలే ఆ 30 యూనిట్ల కోసమే ఎంబీఏకు అప్పు చేయడం నా దృష్టిలో తెలివైన పని కాదు.

సన్నీవేల్ నుంచి

ట్యాలీ చేసినదాన్ని, నాకీ క్లాసెందుకు అనుకోవద్దండీ. మన కంపెనీల చట్టం షెడ్యూల్ 3 నమూనా బ్యాలెన్స్ షీట్ గుర్తుందిగా? పైన మూలధనం, అప్పులు. కింద ఆస్తులు, అందులోనూ భవనాలు, యంత్రాలు ముందు, నగదు ఎక్కడో కింద. ఇక్కడ ఆస్తులతోనే మొదలు, మొట్టమొదటి వరుసలో నగదు. క్విజ్‌లో టైమ్ అయిపోతున్నప్పుడు చెయ్యి పాత అలవాటు ప్రకారమే పోతుంది. స్టాకు విలువ కట్టడంలో లిఫో (చివర కొన్నదే ముందు అమ్మినట్టు లెక్కించే) పద్ధతిని మన ప్రమాణాలు ఒప్పుకోవు, ఇక్కడ చెల్లుతుంది. దాని మీద లెక్కలు తప్పకుండా ఇస్తారు. లక్ష రాసేటప్పుడు కామా ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. డెబిట్, క్రెడిట్ మాత్రం ఎక్కడైనా ఒకటే, ఆ ధైర్యంతో వెళ్ళండి.

హేవర్డ్ నుంచి

స్పానిష్ సంగతి నేను చెప్తా, ట్యాక్స్ ఆఫీసులో పని చేస్తున్నాను కాబట్టి. మా దగ్గరికి తోటపని, వంటపని, ఇళ్ళు కట్టే పని చేసేవాళ్ళు చాలామంది వస్తారు, స్పానిష్ వచ్చినవాళ్ళకు విలువ ఉంది. కానీ స్పానిష్ 1 ఒక్కటే చేస్తే పలకరింపులు, అంకెలు, తేదీలు వస్తాయి, అంతే. పిల్లల క్రెడిట్ (పిల్లలున్నవాళ్ళకు పన్నులో తగ్గింపు) గురించి మాట్లాడాలంటే కనీసం మూడు నాలుగు టర్ములు పడుతుంది. ఒక్క క్లాసుకే ఉద్యోగం వస్తుందన్నది కాకమ్మ కబురు.

అయినా తీసుకోమనే అంటాను. అకౌంటింగ్ క్లాసులో ఎవరి ల్యాప్‌టాప్ వాళ్ళది. భాష క్లాసులో పక్కవాళ్ళతో జంటగా మాట్లాడకపోతే మార్కులే రావు. నోరు విప్పే అలవాటు అక్కడే అవుతుంది, నలుగురు పరిచయమవుతారు. ‘నాకు కాఫీ ఇష్టం’ అనే వాక్యం స్పానిష్‌లో మనలాగే ‘నాకు’తో నడుస్తుంది. అమెరికన్ పిల్లలు తల పట్టుకునే చోట మీరు ఇట్టే దాటేస్తారు. ముందు అకౌంటింగ్ ఒకటి, స్పానిష్ ఒకటి. మొదటి టర్ములో అంతకుమించి వద్దు.

ఒకవేళ యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) బదిలీ అవ్వాలనుకుంటే అక్కడ పరభాష షరతు ఉండొచ్చు. హైస్కూలు తెలుగు మీడియంలో చదివి ఉంటే ఆ మెమోలతోనే అది తీరొచ్చు. కౌన్సెలర్‌ను అడగండి, పదో తరగతి మెమో పారేయకండి.

శాన్‌హోసే నుంచి

అందరికీ థాంక్స్. నా స్కూలు చదువు తెలుగు మీడియమే! ఇంకో సందేహం. తెలిసిన కొట్టాయన పుస్తకాలు రాసిపెట్టమంటున్నారు, క్యాష్ ఇస్తారట. అనుభవంగా పనికొస్తుందా?

ఫ్రీమాంట్ నుంచి

వద్దమ్మా, ఆ పని చేయకు. ఈఏడీ (పని చేసే అనుమతి కార్డు) లేకుండా డబ్బు తీసుకుంటే నీ వీసా స్టేటస్‌కే ఎసరు. 2015 నుంచి హెచ్4 వాళ్ళకు ఈఏడీ ఇస్తున్నారు గానీ, సాధారణంగా మీవారి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం ఆయన కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం పొందాలి. అదెక్కడిదాకా వచ్చిందో ఆయన్నే అడుగు. ఈఏడీ, ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) చేతికొచ్చాక డిగ్రీతో పని లేని, ట్యాక్స్ నిపుణులకిచ్చే లైసెన్సు కోసం రాసే ఎన్‌రోల్డ్ ఏజెంట్ పరీక్ష కూడా ఉంది, మూడు పేపర్లు.

అనుభవమే కావాలంటే వీటా ఉంది. తక్కువ ఆదాయం వాళ్ళకు ఉచితంగా ట్యాక్స్ రిటర్నులు చేసిపెట్టే ఐఆర్ఎస్ (అమెరికా ఆదాయపన్ను శాఖ) కార్యక్రమం, చేసేవాళ్ళంతా వాలంటీర్లే. శిక్షణ వాళ్ళే ఇస్తారు, ఆన్‌లైన్ పరీక్ష పాసవ్వాలి. జనవరి చివర్లో సీజన్ మొదలవుతుంది కాబట్టి శరదృతువులోనే పేరు ఇచ్చేయి.